గోడలును తలుపులును: ఒక పాత ప్రదర్శనశాల చరిత్ర

మన పూర్వులకు చూచు వేడుకలు కొరవడలేదు. తిరునాళ్లలో వీధిభాగవతము, శివరాత్రి జాగరణమునాడు తోలుబొమ్మలాట, గుడి మంటపమున హరికథ, పంటలు ఇండ్లకు చేరిన పిమ్మట పగటివేషములు, ఇట్లు ఏ ఊరిలోనైనను ఏడాది పొడుగున ఏదో యొక వినోదము జరుగుచునే యుండెడిది. అయినను ఈ వేడుకలన్నిటియందును ఒక కట్టుబాటు కలదు. ఎవరెచ్చట కూర్చుండవలయునో వారి పుట్టుక నిర్ణయించెడిది. పెద్దకులములవారికి ముందు చాపలు, తక్కినవారికి వెనుక నేల. పంచములని పేరు పెట్టి ఊరి వెలుపల నుంచబడినవారికి దూరమున చెట్టునీడ. హరికథ గుడిలోపల జరిగినచో వారికి ఆ నీడయును లేదు, ప్రహరీ వెలుపలినుండి వినవచ్చిన మాటలే దక్కెడివి. ఆడుచున్న కథ ఒక్కటే, దానిని చూచు దూరములు మాత్రము వేరు.

ఈ కట్టుబాటును మన ఊళ్లలో మొదట సడలించినవానిలో సినిమా టిక్కెట్టు ఒకటి. అది అంగుళము వెడల్పు కాగితపు ముక్క. దానిని చేత బట్టుకొన్నవాని కులగోత్రములతో దానికి పని లేదు. డబ్బునుబట్టి నేల, బెంచి, కుర్చీ యని తరగతు లేర్పడినమాట నిజమే. కాని డబ్బు తరగతికిని పుట్టుక తరగతికిని భేద మున్నది. నేడు నేలమీద కూర్చుండినవాడు రేపు కూలి కొంచెము హెచ్చుగా దొరికినచో బెంచిమీద కూర్చుండవచ్చును. పుట్టుకచేత వెనుకకు నెట్టబడినవానికి అట్టి రేపు లేదు.

కావున పాత సినిమాహాళ్ల చరిత్రను వ్రాయువారు గోడల ఎత్తును, కుర్చీల లెక్కను మాత్రమే చెప్పి ఊరకుండుట చాలదని మా అభిప్రాయము. ఆ హాలు తలుపులు ఎవరికి తెరచుకొన్నవి, ఎవరికి మూసికొన్నవి అనునదియే ముఖ్యమైన ప్రశ్న. ఈ ప్రశ్నతోనే తెలుగువారికి మిక్కిలి సంబంధముగల ఒక పాత ప్రదర్శనశాల కథను ఇచ్చట పరిశీలింప దలచితిమి. అది చెన్నపట్టణమందలి విక్టోరియా పబ్లికు హాలు. దక్షిణదేశమున మొట్టమొదట కదలెడు బొమ్మలు కనబడిన చోట్లలో అది ముఖ్యమైనది. దాని పునరుద్ధరణము మన కాలమున జరిగిన పని.

దొనకొండనుండి వ్రాయు మాకు చెన్నపట్టణపు హాలుతో ఏమి పని యని చదువరులు అడుగవచ్చును. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు మా ప్రాంతపు కోర్టు తీర్పులు, పరీక్షల ఫలితములు, పత్రికలు, పుస్తకములు అన్నియు చెన్నపట్టణమునుండియే వచ్చెడివి. సినిమాయు అచ్చటినుండియే వచ్చినది. దొనకొండ గుంటూరు – గుంతకల్లు రైలుమార్గమున నున్న ఊరు. మీటరుగేజి నాళ్లలో ఇచ్చట ఆవిరియంత్రముల షెడ్డును, రైల్వే ఉద్యోగుల కాలనీయు నుండెను. రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాశ్రయ మొకటి యిచ్చట కలదు. రైలు ఆగిన ఊరికి ఉత్తరము, వార్తాపత్రిక, కిరసనాయిలు డబ్బా చేరినట్లే రేకు పెట్టెలలో చుట్టలు చుట్టిన ఫిలిమును చేరెను. ఆ పెట్టె బయలుదేరిన మొదటి మెట్టు ఏదియని వెదకినచో మన చూపు చెన్నపట్టణమున సెంట్రల్ స్టేషను ప్రక్కనున్న ఆ ఎఱ్ఱని కట్టడముమీద నిలుచును.

పంతొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున చెన్నపట్టణము రాజధానియే గాని, పౌరులెల్లరు కూడి మాటలాడుకొనుటకు తగిన సభాభవనము దానికి లేదు. పట్టణమందలి పెద్దలు 1880ల తొలినాళ్లలో దీనికై చందాలు పోగుచేయ నారంభించిరి. సంస్థానాధీశులును, వర్తకులును ధనసహాయము చేసిరి. 1883వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన ఆ భవనమునకు శంకుస్థాపన చేసినవారు మన తెలుగుదేశపు ప్రభువు, విజయనగర మహారాజు పూసపాటి ఆనంద గజపతిగారు. ఈ మహారాజుగారే విశాఖపట్టణ మండలమున జరిగెడు కన్యాశుల్క వివాహముల పట్టికను తయారు చేయించినవారు. మూడేండ్లలో జరిగిన అట్టి వివాహముల సంఖ్య ఆ పట్టికలో 1,034 వరకు తేలెనని గురజాడ అప్పారావుగారు తమ నాటకపు పీఠికలో తెలిపిరి. దురాచారమును కన్నుల యెదుట నిలుపుటకు లెక్కలు కావలెననియు, రంగస్థలము కావలెననియు గ్రహించిన ప్రభు వాయన. ఆయన చేతిమీదుగా చెన్నపట్టణమున ఒక ప్రజాభవనపు పునాదిరాయి పడుట తెలుగువారు జ్ఞాపకముంచుకొనదగిన సంగతి.

భవనపు నమూనా గీసినవాడు రాబర్టు ఫెల్లోస్ చిజోల్ము. విశ్వవిద్యాలయపు సెనేటు భవనమును రచించిన శిల్పియు నాతడే. కట్టించిన కంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ళు చెట్టిగారు. పట్టణ కార్పొరేషను 57 గ్రౌండ్ల స్థలమును, అనగా మూడెకరములకు మించిన నేలను, 99 ఏండ్ల కౌలునకు ఇచ్చెను. 1887లో విక్టోరియా రాణి పాలనకు స్వర్ణోత్సవము జరుగుటచేత ఆమె పేరు దీనికి పెట్టిరి. ఎఱ్ఱ ఇటుక గోడలు, వంపుల వరండాలు, తిరువాన్కూరు ఇండ్ల తీరున వాలు కప్పు తొడిగిన చదరపు గోపురము, ఇవి దాని ఆనవాళ్లు. క్రిందనొకటి, మీదనొకటి రెండు పెద్ద హాళ్లు; ఒక్కొక్క దానిలో సుమారు 600 మంది కూర్చుండవచ్చును. మీది హాలున తూర్పువైపు కొయ్య గ్యాలరీలో మఱి 200 మందికి చోటు కలదు.

ఈ హాలును మొదట వెలిగించినది నాటకము. 1891లో బళ్లారినుండి సరస వినోదినీ సభవారు, ధర్మవరము కృష్ణమాచార్యులవారి నాయకత్వమున, చెన్నపట్టణమునకు వచ్చి తెలుగు నాటకములు ప్రదర్శించిరి. అప్పటికి నాటకమాడుట పరువుగల వారి పని కాదని లోకము తలంచుచుండెను. చదువుకొన్నవారు, ఉద్యోగస్థులు, వకీళ్లు వేషములు వేసికొని రంగమెక్కుట చూచి పట్టణము ఆశ్చర్యపడెను. ఆ ప్రదర్శనములను చూచిన యువకులలో పమ్మళ్ సంబంధ మొదలియారుగా రొకరు. ఆ యేడే జులై మాసమున ఆయనయు మిత్రులును సుగుణ విలాస సభను స్థాపించిరి. ఆధునిక తమిళ నాటకమునకు పుట్టినిల్లనదగిన ఆ సభ తెలుగు నాటకముల ప్రేరణమున పుట్టినది. విక్టోరియా హాలు దానికి దీర్ఘకాలము రంగస్థల మయ్యెను. మన బళ్లారి రాఘవగారు ఆ సభవారి తెలుగు నాటకములలో నటించి పేరు గడించిరి. రెండు భాషలవారు ఒకరినుండి ఒకరు నేర్చుకొనుటకు తగిన నీడ నిచ్చుటయే ఆ హాలు చేసిన గొప్ప మేలు.

ఉపన్యాసములకును ఆ హాలే వేదిక. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానందులు పశ్చిమదేశములనుండి తిరిగివచ్చి తమ భావి కార్యక్రమమును గూర్చి ఇచ్చటనే ప్రసంగించిరి. పిమ్మటి దశాబ్దములలో గోఖలేగారి గొంతును, గాంధీగారి గొంతును ఈ గోడలు వినినవి.

ఇక సినిమా సంగతి. 1896 జులై 7వ తేదీన బొంబాయి వాట్సను హోటలులో లూమియేరు సోదరుల కదలు బొమ్మలు మొదటిసారి మన దేశమున ప్రదర్శింపబడెను. ఆ సంవత్సరము ముగియకముందే చెన్నపట్టణమున ఛాయాచిత్ర సామగ్రి అమ్ము స్టీవెన్సను అను వర్తకుడు విక్టోరియా హాలులో కొన్ని పొట్టి బొమ్మలను చూపెను. ఒక్కొక్క బొమ్మ నిముసములలో ముగిసెడిది. కథ లేదు, మాట లేదు, పాట లేదు. కదలుటయే వింత. వివేకానందుల ఉపన్యాసమునకును ఈ వింతకును నడుమ కొన్ని వారములే గడచినవి. వేదాంతమును, యంత్రమును ఒకే కప్పుక్రింద నిలిచిన కాలమది.

అయితే మా ప్రశ్న మరల అడుగుదము. ఆ తలుపులు ఎవరికి తెరచుకొన్నవి? దొరలకును, ఇంగ్లీషు చదివిన ఉద్యోగస్థులకును, పట్టణపు ధనికులకును. హాలు పేరున పబ్లికు అను మాట యున్నది గాని, ఆ పబ్లికులో కూలివాడు లేడు, చేనేతవాడు లేడు. రంగస్థలముమీద సీతయు, దమయంతియు కనబడినను ఆ వేషములు వేసినవారు పురుషులే. చందా యిచ్చినవారు కట్టించుకొన్న హాలు చందా యియ్యగలవారికే చెల్లుట నాటి రీతి. దీనిని నిందించుటకు మేము చెప్పుట లేదు. ఒక తలుపు సగము తెరచుకొన్నదనిన, తక్కిన సగము తెరచినవా రెవరో కూడ చెప్పవలెను గదా.

తక్కిన సగమును తెరచినవారిలో అగ్రగణ్యులు రఘుపతి వెంకయ్యనాయుడుగారు. ఆయన 1869లో మచిలీపట్టణమున జన్మించిరి. చెన్నపట్టణము చేరి ఛాయాచిత్రకారులుగా స్థిరపడి మౌంటు రోడ్డున స్టూడియో నడపిరి. 1909–10 ప్రాంతమున క్రోనో మెగాఫోను అను యంత్రము అమ్మకమునకు వచ్చెను. బొమ్మను చూపు యంత్రమును, శబ్దమును వినిపించు గ్రామఫోనును ఒకదానితో నొకటి జతపరచి, తెరమీది పెదవులకును పలకల మాటలకును పొత్తు కుదుర్చుట దాని నేర్పు. శబ్దమును పెంచుటకు నేటివలె విద్యుత్తు గాక, ఒత్తిన గాలిని వాడెడివారు. దాని వెల 30,000 రూపాయలు. వెంకయ్యగారు తమ స్టూడియోను తాకట్టు పెట్టి దానిని కొనిరి. ఆ కాలపు ముప్పదివేలనగా ఒక కుటుంబము తరతరములు తినగల భాగ్యము. దానిని ఇంకను జనులెరుగని వినోదముమీద ఒడ్డుటకు సామాన్యమైన గుండె చాలదు.

ఆ యంత్రముతో ఆయన మొదట ప్రదర్శనములిచ్చిన చోటు విక్టోరియా హాలు. కాని ఆయన అచ్చటనే నిలిచిపోలేదు. డేరా కుట్టించి, యంత్రమును మూటగట్టి, బెంగుళూరు మొదలుకొని సింహళము, రంగూనువరకు తిరిగిరి. ఇచ్చటనే సినిమా చరిత్రలో ముఖ్యమైన మలుపు కలదు. ఇటుక హాలునకు తలుపు లుండును, ద్వారపాలకు డుండును, లోనికి పోవుటకు తగిన దుస్తు లుండవలెనను జంకు ఉండును. డేరాకు అవి లేవు. నేల సరకారుది లేక ఎవరో రైతుది, ఆసనము ఇసుక. ఆసనమునకు ఖర్చు లేదు గనుక టిక్కెట్టు చౌక. టిక్కెట్టు చౌక గనుక కూలివాడు వచ్చెను. వాడు వచ్చినందుననే ఆ వ్యాపారము నిలిచెను. యజమానియొక్క ఉదారబుద్ధికంటె డేరా లెక్కలే ఇచ్చట సంస్కర్త పనిని చేసినవి. సంస్కరణము కొన్ని మారులు ఇట్టి దొడ్డిదారినగూడ వచ్చుచుండును.

తిరిగివచ్చిన పిదప వెంకయ్యగారు 1914 ప్రాంతమున చెన్నపట్టణమున గెయిటీ అను స్థిరమైన సినిమాహాలును నిర్మించిరి. దక్షిణదేశమున భారతీయుడు కట్టించిన సినిమాహాళ్లలో అది మొదటిదని ప్రసిద్ధి. తరువాత క్రౌను, గ్లోబు అను హాళ్లు వెలసినవి. తమ కుమారుడు ప్రకాశ్‌గారిని చిత్రనిర్మాణము నేర్చుటకు విదేశమునకు పంపిరి. 1921లో తండ్రికొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అను సంస్థ పేర 'భీష్మ ప్రతిజ్ఞ' అను మూకీచిత్రమును తీసిరి. ఆ సంవత్సరమే విజయవాడలో పోతిన శ్రీనివాసరావుగారు మారుతీ సినిమాను నెలకొల్పిరి. ఆంధ్రదేశమున స్థిరముగా కట్టిన సినిమాహాళ్లలో అదియే మొదటిదందురు. వెంకయ్యగారు 1941లో దివంగతులైరి. ఆయన పేర 1980 మొదలు రాష్ట్రప్రభుత్వపు పురస్కార మేర్పడినది. ఆయన కట్టిన గెయిటీ హాలు మాత్రము నేడు లేదు. పురస్కారము నిలిచెను, గోడలు కూలెను.

పట్టణమున హాలు వెలసిన కొలది, రైలు మార్గపు ఊళ్లకు డేరాలు బయలుదేరినవి. 1918 నాటి సినిమాటోగ్రాఫు చట్టము ప్రకారము ప్రదర్శనమునకు లైసెన్సు కావలెను. నిప్పు తగిలిన ఫిలిము భగ్గుమని మండెడు రోజులవి గనుక యంత్రము నుంచు గది వేరుగా నుండవలెను. డేరా సినిమాకు లైసెన్సు కొన్నాళ్లకే ఇయ్యబడుటచేత డేరా ఒక ఊర కొన్ని మాసము లుండి మఱియొక ఊరికి కదలుచుండెను. ఆట మొదలగుటకు ముందు పాట మైకులో మ్రోగగానే చుట్టుప్రక్కల పల్లెలవారు బండ్లు కట్టుకొని వచ్చెడివారు. నేల టిక్కెట్టు, బెంచి టిక్కెట్టు, కుర్చీ టిక్కెట్టు అను మాటలు తెలుగువారి నోళ్లలో అప్పుడే నాటుకొన్నవి. స్త్రీలకు వేరుగా కొంత చోటు విడిచి నడుమ తడికయో, గుడ్డయో కట్టెడివారు. ఆ తడిక వెనుకనైనను, ఇల్లు విడిచి, మగవారి వేడుకకు సాక్షిగా గాక తానుగా టిక్కెట్టు కొన్న ప్రేక్షకురాలిగా స్త్రీ కూర్చుండుట చిన్న సంగతి కాదు.

ఈ టిక్కెట్టు మహిమను మఱీ పెంచి చెప్పరాదు. డేరాలో ప్రక్క ప్రక్కన కూర్చుండినవారు మరునాటి యుదయమున బావివద్ద మరల దూరమైరి. నేల తరగతిలోనైనను కొన్ని ఊళ్లలో ఎవరి మూల వారికి ఏర్పడియే యుండెను. అయినను ఒక్క ఉదాహరణము చూడుడు. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు 'మాలపిల్ల' అను చిత్రమును విడుదల చేసిరి. హరిజనుల ఆలయప్రవేశము అందలి ముఖ్యవిషయము. చెన్నరాష్ట్రమున ఆలయప్రవేశమునకు దారి తీసిన చట్టము 1939లోగాని రాలేదు; సమగ్రమైన శాసనము 1947లోగాని కాలేదు. అనగా, గుడి వాకిట నిలుచు హక్కు చట్టమున లేని మనిషి, ఆ హక్కునుగూర్చిన కథను టిక్కెట్టు కొని లోపల కూర్చుండి చూడగలిగెను. గుడి తలుపునకంటె ముందు సినిమాహాలు తలుపు తెరచుకొన్నది. సినిమాను చులకనగా చూచు విద్యావంతులు, అందు మేమును చేరుదుము, ఈ సంగతిని మరువరాదు.

ఇప్పుడు విక్టోరియా హాలునకు మరలుదము. సినిమా దానిని విడిచి స్వంత ఇండ్లు కట్టుకొనెను. నాటకసభలును వేరుచోట్లకు తరలిపోయెను. మౌంటు రోడ్డున ఎలక్ట్రిక్ థియేటరను మఱియొక తొలినాటి హాలు తపాలాశాఖ చేతికి పోయి, స్టాంపులు అమ్ము కార్యాలయముగా నిలిచి బ్రతికెను. విక్టోరియా హాలునకు అట్టి కొత్త ఉద్యోగము కుదరలేదు. ఆవరణలో అంగళ్లు వెలసెను. వర్షపునీరు గోడలకు దిగెను. 1967లో ఒకమారు బాగుచేయించిరి గాని ఆ బాగు నిలువలేదు. 1985లో ప్రక్కనున్న మూర్ మార్కెటు కాలిపోయెను. పాత పుస్తకములకై అచ్చటికి వచ్చుచుండిన జనసందోహము చెదరెను. 99 ఏండ్ల కౌలు గడువు ముగియుటతో స్థల మెవరిది, భవన మెవరిది యను వ్యాజ్యము లేచెను. వ్యాజ్యమున నున్న ఇంటికి వెల్ల వేయువా డుండడు. పిమ్మట ఆ ప్రాంతమున భూగర్భ మెట్రో రైలు పనులు వచ్చి, మరమ్మతునకు మఱియు ఆలస్యమయ్యెను.

తుదకు 2023లో చెన్నై కార్పొరేషను దాదాపు 32 కోట్ల రూపాయల అంచనాతో పునరుద్ధరణమునకు పూనుకొనెను. పాతరూపమును చెడకుండ నిలుపుట, కళాప్రదర్శనములకును, ప్రదర్శనశాలకును దానిని మరల ఉపయోగించుట ఈ పూనిక యుద్దేశము.

పునరుద్ధరణమనిన నేమో ఒక్క మాట చెప్పుట అవసరము. మనలో చాలమంది పాత గుడికి సిమెంటు పూత పూసి, పైన మెరుగు రంగు వేసి, జీర్ణోద్ధారణ జరిగినదని సంతసింతురు. అది జీర్ణించినదానిని త్వరగా చంపుట. పాత గోడలు గానుగ సున్నముతో కట్టినవి. సున్నము, ఇసుక గానుగలో మెత్తగా నూరి, బెల్లపునీరు, కరక్కాయ నానవేసిన నీరు కలిపి వాడుట మన తాపీవారి సంప్రదాయము. ఆ గోడ ఊపిరి పీల్చును. వర్షకాలమున చెమ్మను పుచ్చుకొని ఎండకాలమున విడుచును. దానిపై సిమెంటు పూసినచో చెమ్మ లోపల చిక్కుకొని, ఉప్పు పేరుకొని, ఇటుక పొడియై రాలును. కావున పని యెరిగినవారు మొదట వెనుకటివారు పూసిన సిమెంటును జాగ్రత్తగా ఒలుతురు. గోడ సందులలో మొలచిన రావి, మర్రి వేళ్లను పైన నరికి ఊరకొనక లోపలికంట తీయుదురు. దూలములు పుచ్చినంతమేరనే కోసి అదే జాతి కఱ్ఱతో అతుకుదురు. ఎంత మార్చగలమని గాక, ఎంత తక్కువ మార్చి నిలుపగలమని ఆలోచించుట ఈ విద్యకు మూలసూత్రము.

ఈ సూత్రము ఫలించిన ఉదాహరణము బొంబాయి రాయల్ ఒపేరా హౌసు. 1911లో అయిదవ జార్జి చక్రవర్తి దానిని ప్రారంభించెను. మొదట సంగీతనాటకములకు, తరువాత సినిమాకు నిలయమై, ప్రేక్షకులు తగ్గి 1993లో మూతబడెను. యజమానులైన గోండలు రాజకుటుంబమువారు దానిని కూలగొట్టి అంతస్తుల అంగడి కట్టక, వాస్తుశిల్పి ఆభా నారాయణ్ లాంబాగారి చేత బాగుచేయించిరి. ఏండ్లు పట్టిన పని. 2016 అక్టోబరులో తలుపులు మరల తెరచుకొన్నవి. 2017లో యునెస్కో వారసత్వ పురస్కారము లభించెను. ఇరువదిమూడేండ్లు మూతబడిన ఇల్లయినను ఓర్పుగల చేతులకు లొంగునని ఇది రుజువు చేసినది.

అయినను మా ప్రశ్న ఇంకను మిగిలియే యున్నది. గోడ బాగుపడినది, తలుపు మాటేమి? కోట్లు వెచ్చించి బాగుచేసిన హాలును ఆ ఖర్చు రాబట్టుటకై పెద్ద టిక్కెట్ల కచ్చేరీలకు, ధనికుల వేడుకలకు మాత్రమే ఇచ్చినచో, అది 1896 నాటి సగము తలుపునకే తిరిగిపోయినట్లు. వెంకయ్యగారి డేరా తెచ్చిన నేల టిక్కెట్టు ఆ హాలు చరిత్రలో భాగము. పునరుద్ధరించువారు కొయ్య గ్యాలరీని నిలిపినట్లే ఆ నేల టిక్కెట్టును నిలుపవలెను. వారమున కొక్క ఆటయైనను కూలివాడు కొనగల వెలకు; బడిపిల్లలకు ఉచితముగా; ఆనంద గజపతి పేరును, కృష్ణమాచార్యుల పేరును, వెంకయ్యగారి పేరును తమిళులతోపాటు తెలుగువారును చదువుకొనునట్లు గోడమీద వ్రాసి: ఇట్లు చేసినప్పుడే ఆ పని సంపూర్ణమగును.

మన ఊళ్ల సంగతి ఇంతకంటె తొందరగలది. చిన్నపట్టణముల ఏకతెర హాళ్లు ఒకటొకటిగా మూతబడి పెండ్లిమంటపములు, గిడ్డంగులు అగుచున్నవి. కొత్తవి అంతస్తుల అంగళ్లలో వెలసినవి. వాటి టిక్కెట్టు వెలలో పాతకాలపు కుటుంబమంతయు సినిమా చూచెడిది. నేల తరగతి యను మాటయే అంతరించినది. నేల తరగతి దుమ్మును, నల్లులను మేము పొగడుట లేదు. దుమ్ము పోవుట మంచిదే. దుమ్ముతోపాటు ఆ దుమ్ములో కూర్చుండిన మనిషియు బయటికి పోయినాడా యని విచారించుట సంస్కారముగలవారి విధి.

అన్ని హాళ్లను నిలుపుట సాధ్యము కాదు. వ్యాపారము నడువని యజమానిని తన ఇంటిని మ్యూజియముగా నుంచుకొమ్మని శాసించుటయు న్యాయము కాదు. నిలుపదగినవి రెండున్నవి. ఒకటి, ప్రజల సొమ్ముతో కట్టిన కట్టడములు. మా దొనకొండ విమానాశ్రయమును, రైల్వేవారు విడిచిన పాత ఇండ్లను చూచినవారికి, వాడుక లేకపోవుటయే కట్టడమునకు మొదటి శత్రువని వేరుగా చెప్పనక్కరలేదు. వర్షము, రావిమొక్క, దొంగ, ఈ మూడును వాడుక పోయిన తరువాతనే వచ్చును. అట్టి కట్టడములలో ఒక్కటైనను గ్రంథాలయముగనో, నెలకొకమారు మంచి చిత్రమును చూపు సభాశాలగనో మార్చుటకు పంచాయతీలు, పాఠశాలలు కలిసి పూనుకొనవచ్చును.

రెండవది, జ్ఞాపకము. మా ప్రాంతమున మార్కాపురము పలకలకు ప్రసిద్ధి. పలకమీద వ్రాసినది తడిగుడ్డ తగిలిన చెరిగిపోవును. మన ఊళ్ల డేరాల చరిత్ర నేడు అట్టి పలకమీదనే యున్నది. ఆ నాళ్లలో యంత్రగదిలో కార్బను కడ్డీల వెలుగును కాచినవారు, టిక్కెట్టు చించినవారు, తడిక వెనుక కూర్చుండి చూచిన ముత్తైదువలు, నేలమీద మొదటిసారి మఱియొక కులపువాని ప్రక్కన కూర్చుండినవారు నేడు వృద్ధులు. ప్రతి పాఠశాలయందును పై తరగతి పిల్లలు తమ తాతలను, అవ్వలను అడిగి వారి మాటలను తేదీలతో వ్రాసియుంచినచో పది సంవత్సరములలో ఒక మంచి గ్రంథము తయారగును. దీనికి కోట్లు అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, ఒక సాయంకాలము చాలును. ఆడపిల్లలు అవ్వలను అడిగినచో మగపిల్లలకు దొరకని సంగతులు దొరకును.

ఆ నోటుపుస్తకములో హాలు పేరు, కట్టిన యేడు, కుర్చీల లెక్క వ్రాసిన పిదప ఒక్క ప్రశ్నను మాత్రము విడువక వ్రాయింపవలెను: "మీకు మొదట లోపలికి పోవుట కుదిరినది ఏ నాడు? అప్పుడు మీ ప్రక్కన ఎవరు కూర్చుండిరి?" ఈ ప్రశ్నకు వచ్చు ప్రత్యుత్తరములే ఆ హాలు చరిత్ర.